మాడ్రిడ్‌లో బుల్‌ఫైట్: నాన్నగారిని తీసుకెళ్లాలా, వద్దా?

తెనాలి_మ్యూనిక్ (ఏప్రిల్ 6)

అందరికీ నమస్తే. మే చివరి వారంలో అమ్మానాన్నల్ని తీసుకుని మాడ్రిడ్, అక్కడి నుంచి సెవిల్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప కూడా. నాన్నగారిది వ్యవసాయం. ఊళ్లో అందరూ ట్రాక్టర్లకు మారిపోయాక కూడా ఆయన ఒంగోలు జతను చాలా ఏళ్లు వదల్లేదు. బండలాగుడు పోటీలు ఎక్కడ జరిగినా బయల్దేరేవారు. స్పెయిన్ అనగానే రాజభవనాలూ మ్యూజియంలూ ఏవీ అడగలేదు, "అక్కడి ఎద్దుల్ని చూపిస్తావా" అన్నారు.

మేం వెళ్లే రోజుల్లో మాడ్రిడ్‌లోని లాస్ వెంతాస్ అనే బుల్‌ఫైట్ బరిలో దాదాపు రోజూ పోరు ఉందట. టికెట్లు ఎలా కొనాలి, ఎటువైపు కూర్చోవాలి, పాపను తీసుకెళ్లొచ్చా? అన్నిటికన్నా ముందు, ఎద్దును నిజంగానే చంపుతారా? కొందరు అవునంటున్నారు, ఇంకొందరు ఇప్పుడు మానేశారంటున్నారు. చూసినవాళ్లు చెప్పండి.

లవాపియేస్_తెలుగు (ఏప్రిల్ 6)

తెనాలి గారూ, నేను మాడ్రిడ్‌లోనే ఉంటాను. చంపుతారండీ. జనం కళ్లముందే, అదే ఇసుకలో. ఒకటి కాదు, ఒక్క సాయంత్రంలో ఆరు ఎద్దులు. ముగ్గురు మటడోర్లు, అంటే ఎద్దుతో పోరాడి చివరికి కత్తితో చంపేవాళ్లు, వస్తారు. ఒక్కొక్కరికి రెండేసి.

మానేశారని చెప్పినవాళ్లు బహుశా బార్సిలోనా గురించో పోర్చుగల్ గురించో విని ఉంటారు. పోర్చుగల్‌లో బరిలో చంపరు, కానీ ఆ తర్వాత ఎక్కువగా కబేళాకే పంపుతారు. మాడ్రిడ్‌లో మాత్రం పాత పద్ధతే.

ఏం జరుగుతుందో వరసగా చెప్తాను, ఎందుకంటే టికెట్ అమ్మేవాళ్లు ఇది చెప్పరు. ముందు ఊరేగింపు. 17వ శతాబ్దపు నల్ల దుస్తుల్లో ఇద్దరు గుర్రాల మీద వస్తారు, వాళ్ల వెనక మటడోర్లు, వాళ్ల బృందాలు. తర్వాత ఒకాయన బోర్డు పట్టుకుని నిలబడతాడు. వచ్చే ఎద్దు పేరు, బరువు, ఎప్పుడు పుట్టింది, ఏ పెంపకందారుది, అన్నీ దాని మీద ఉంటాయి. మాడ్రిడ్ లాంటి పెద్ద బరుల్లో ఎద్దుకు నాలుగేళ్లు నిండాలి, బరువు 460 కిలోలకు తగ్గకూడదు. వచ్చేవి చాలావరకు 500 దాటినవే.

తలుపు తెరవగానే అది పరుగున వస్తుంది. గులాబీ, పసుపు రంగుల పెద్ద గుడ్డతో దాన్ని తిప్పుతూ ఏ కొమ్ముతో ఎక్కువ పొడుస్తోంది, ఎంత దగ్గరగా మలుపు తీసుకుంటోంది అని చూస్తారు. తర్వాత గుర్రాల మీద పికడోర్లు. గుర్రానికి మందమైన కవచం, కళ్లకు గంతలు. ఎద్దు గుర్రాన్ని కుమ్ముతుంటే పైనుంచి బల్లెంతో దాని మూపులో పొడుస్తారు, మాడ్రిడ్‌లో కనీసం రెండు సార్లు. ఆ కవచం 1928లో తప్పనిసరి చేశారు. అంతకుముందు ఎద్దుల కంటే గుర్రాలే ఎక్కువ చచ్చేవంటారు. తర్వాత రంగు కాగితాలు చుట్టిన, కొనకు ముల్లున్న కర్రలు మూడు జతలు అదే మూపులో గుచ్చుతారు. చివర్లో మటడోర్ ఒక్కడే చిన్న ఎర్ర గుడ్డతో. "ఓలే" అన్న అరుపులు వినిపించేది ఎక్కువగా ఇప్పుడే. అది అయ్యాక కత్తి.

కత్తి ఒక్క దెబ్బకు సరిగ్గా దిగితే ఎద్దు నిమిషంలోపే పడిపోతుంది. దిగకపోతే మళ్లీ మళ్లీ పొడుస్తారు. ఆఖరి ఘట్టం మొదలై పది నిమిషాలైతే ట్రంపెట్ ఊది హెచ్చరిస్తారు, ఇంకో మూడు నిమిషాలకు రెండోసారి, మరో రెండు నిమిషాలకు మూడోసారి. మూడోది మోగితే మటడోర్‌కు చాలా అవమానం, ఎద్దును వెనక్కి తోలుకుపోతారు. అది బతికిపోయిందనుకోకండి, లోపల చంపేస్తారు.

ఒక్కో ఎద్దుకు సుమారు ఇరవై నిమిషాలు, మొత్తం రెండు గంటల పైనే. ఇది తెలిసి కూడా వెళ్లాలనుకుంటే చెప్పండి, టికెట్ల సంగతి విడిగా రాస్తాను.

ఇద్దరు_పిల్లల_అమ్మ (ఏప్రిల్ 7)

పాపను మాత్రం తీసుకెళ్లకండి. మేం ఒక ట్రావెల్ ఏజెన్సీ ప్యాకేజీలో వెళ్లాం. వాళ్లు దాన్ని "సంప్రదాయ సాయంత్రం" అని అమ్మారు, సంగీతం, దుస్తులు, గుర్రాలు అన్నారు. చంపుతారన్న ముక్క ఎక్కడా లేదు. మా చిన్నవాడు గుర్రాలు రాగానే చప్పట్లు కొట్టాడు, బల్లెం దిగగానే నా వైపు తిరిగిపోయాడు. లేచి వెళ్దామంటే కుదరదు. ఎద్దు బరిలో ఉన్నంతసేపూ వరసల మధ్య కదలనివ్వరు, అది చచ్చి, కంచర గాడిదలు దాన్ని ఈడ్చుకుపోయాకే దారి. అంతసేపూ వాడి కళ్లు మూసి కూర్చున్నాను.

చుట్టూ స్పెయిన్ వాళ్ల పిల్లలు హాయిగా చూస్తున్నారు, అది కూడా చెప్పాలి. తాతల ఒళ్లో కూర్చుని చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరుగుతారు. మన పిల్లలకు ఆ అలవాటు లేదు. 2018లో ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల కమిటీ పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లను బుల్‌ఫైట్‌లకు రానివ్వొద్దని స్పెయిన్‌కు సిఫారసు చేసింది. మాడ్రిడ్‌లో గేటు దగ్గర మాత్రం ఆపరు. ఆపరు కదా అని తీసుకెళ్లొద్దు.

కెమెరా_కన్ను (ఏప్రిల్ 7)

అందరూ ఒకే మాట చెప్తే ఆయనకు సగమే తెలుస్తుంది, కాబట్టి నేను రెండో సగం చెప్తాను. నేను సెవిల్‌లోని మాయెస్త్రాంసా బరిలో చూశాను, మళ్లీ అవకాశం వస్తే మళ్లీ చూస్తాను. ఆ బరి కట్టడం 1761లో మొదలై పూర్తయ్యేసరికి వందేళ్లు దాటింది. తెల్ల గోడలు, ముదురు పసుపు ఇసుక. సెవిల్ జనం గొప్ప నిశ్శబ్దంతో చూస్తారు. పన్నెండు వేల మంది కూర్చున్న చోట ఎద్దు ఊపిరి వినిపించింది నాకు. మటడోర్ కాళ్లు కదపకుండా నిలబడి, కొమ్ము నడుమును రాసుకుపోయేలా దాన్ని తన చుట్టూ తిప్పుతుంటే, ఆ మనిషి ఎంత ప్రమాదంలో ఉన్నాడో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది.

ఆ ప్రమాదం ఉత్తుత్తిది కాదు. 2016 జులైలో తెరువెల్‌లో విక్తోర్ బర్రియో అనే మటడోర్ బరిలోనే చనిపోయాడు, టీవీలో ప్రత్యక్ష ప్రసారం జరుగుతుండగా. మరుసటి ఏడాది జూన్‌లో ఇవాన్ ఫండీన్యో, ఫ్రాన్స్‌లో. లాస్ వెంతాస్ బయట పెనిసిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్‌కు స్మారకం ఉంది చూడండి, మటడోర్ బొమ్మ ఆయనకు టోపీ తీసి నమస్కరిస్తుంటుంది. కొమ్ము దిగితే చీము పట్టి చచ్చిపోయేవాళ్లు, ఆ మందు వచ్చాక బతికారు. ఆ కృతజ్ఞత అది.

ఇక క్రూరత్వం అంటారా, మాంసం కోసం పెంచే కోడె చాలావరకు రెండేళ్లు నిండకముందే కబేళాకు పోతుంది. ఈ ఎద్దు నాలుగేళ్ల పైన వందల ఎకరాల పచ్చికలో తిరుగుతుంది. చివరి ఇరవై నిమిషాలే చూసి తీర్పు చెప్పడం నాకు న్యాయంగా అనిపించదు. చికెన్ బిర్యానీ తింటూ దీన్ని తిట్టేవాళ్లకు నేను జవాబు చెప్పను.

పశువైద్య_నేస్తం (ఏప్రిల్ 7)

కెమెరా గారూ, మీరు చూసిన అందం అబద్ధమని అనను. కానీ ప్రకాశం జిల్లాలో పశువుల డాక్టరుగా పనిచేసేదాన్ని, ఆ ఇరవై నిమిషాల గురించి ఒక డాక్టరు చెప్పాల్సింది ఉంది.

బల్లెం దిగేది తలను పైకెత్తి ఉంచే కండరాల్లో. అవి దెబ్బతింటే ఎద్దు తల దించుతుంది. తల దించితేనే మటడోర్ కొమ్ముల మీదుగా వంగి కత్తి దింపగలడు. అంటే ఆ గాయం ప్రదర్శనలో అలంకారం కాదు, అది లేకపోతే చివరి ఘట్టం జరగదు. ముళ్ల కర్రలు అదే చోట రక్తం కారుస్తూ ఉంటాయి. కత్తి పెద్ద రక్తనాళానికి తగిలితే త్వరగా పోతుంది. పక్కకు పోయి ఊపిరితిత్తిలో దిగితే నోట్లోంచి, ముక్కులోంచి రక్తం కక్కుతూ నిలబడుతుంది. పడిపోకపోతే అడ్డపట్టీ ఉన్న ఇంకో కత్తితో తల వెనక వెన్నుపాము తెంపుతారు. పడ్డాక కూడా ప్రాణం ఉంటే బాకుతో మరొకరు ముగిస్తారు.

మీరు కబేళాతో పోల్చారు కాబట్టి ఇది కూడా. ఐరోపా సమాఖ్యలో కబేళాలో పశువును ముందు స్పృహ తప్పించాలని నియమం. 2009 నాటి ఆ నిబంధన నుంచి సాంస్కృతిక ప్రదర్శనలకు మినహాయింపు ఇచ్చారు. అదే ఎద్దును, అదే ఊళ్లో, గోడకు ఇవతల ఇలా చంపితే నేరం. నాలుగేళ్ల మంచి బతుకు మంచిదే. అయితే ఆ బతుకు ఇచ్చినందుకు ఇంత బాధ పెట్టే హక్కు వచ్చిందంటే నేను ఒప్పుకోలేను. నేను చికెన్ కూడా తినను, అయినా తినేవాళ్లకు ఈ మాట అనే హక్కు లేదనీ అనుకోను.

ఎర్ర రంగు చూసి ఎద్దు రెచ్చిపోతుందని పాపకు ఎవరైనా చెప్తే మాత్రం సరిదిద్దండి. పశువుల కంటికి ఎరుపు మనలా కనపడదు, అది గుడ్డ కదలికకు వస్తుంది.

తెనాలి గారూ, మీ నాన్నగారిలా పశువుల్ని చేత్తో పెంచినవాళ్లు నా దగ్గరికి రోజూ వస్తారు. ఎద్దు కుంటితే వాళ్లకు అన్నం దిగదు. ఆయన అడిగిన మాట మీరే రాశారు, మరోసారి చూడండి. ఎద్దుల్ని చూపించమన్నారు, పోరు చూపించమనలేదు.

చంద్రగిరి_కోట (ఏప్రిల్ 8)

మా వైపు నుంచి ఒక మాట. మా చంద్రగిరి దగ్గర రంగంపేటలో కనుమ అప్పుడు పశువుల పండగ చేస్తారు. కొమ్ములకు పలకలు కట్టి వదుల్తారు, కుర్రాళ్లు ఎగబడి లాక్కుంటారు. మనుషులకు దెబ్బలు తగుల్తాయి, పశువులూ బెదిరిపోతాయి, అది కాదనను. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును ఆపింది, 2023 మేలో రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలను సమర్థించింది. ఆ వాదనలన్నీ మా ఇంట్లో విన్నాను.

అందుకే స్పెయిన్ వాళ్ల మాటలు నాకు కొత్తగా అనిపించవు. తరతరాల ఆచారం, ఇది ఆగితే ఆ జాతే ఉండదు, పట్నం వాళ్లకేం తెలుసు, సరిగ్గా ఇవే అంటారు. కానీ ఒక తేడా ఉంది, దాన్ని చిన్నది చేయలేను. మా పండగలో సాయంత్రానికి పశువు ఇంటికొస్తుంది, పసుపు రాసి మేత వేస్తారు. అక్కడ ఆటే దాని చావుతో పూర్తవుతుంది. జల్లికట్టుకు నేను అనుకూలం, బుల్‌ఫైట్‌కు కాదు.

కెమెరా_కన్ను (ఏప్రిల్ 8)

అన్ని ఎద్దులూ చావవు. బాగా ధైర్యంగా పోరాడినదాన్ని జనం కోరితే క్షమించి వదిలేస్తారు. పైన కూర్చుని ఆ పోరును నడిపించే అధ్యక్షుడు నారింజ రంగు రుమాలు వేలాడదీస్తాడు. దాన్ని వెనక్కి తీసుకెళ్లి గాయాలకు వైద్యం చేసి, పెంపకానికి వాడతారు.

లవాపియేస్_తెలుగు (ఏప్రిల్ 8)

నిజమే, కానీ అది ఎంత అరుదో కూడా తెలియాలి. లాస్ వెంతాస్ 1931లో తెరిచారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా అక్కడ పూర్తిస్థాయి పోరులో క్షమాభిక్ష దొరికిన ఎద్దు ఒక్కటే, 1982లో విక్తోరినో మార్తీన్ పెంచిన బెలదోర్. ఇంకో ఎద్దు బతకడం చూడాలన్న ఆశతో ఎవరూ మాడ్రిడ్ టికెట్ కొనకూడదు.

రుమాళ్ల మాట వచ్చింది కాబట్టి: తెల్లది ఊపుతున్నది జనమైతే మటడోర్‌కు ఎద్దు చెవి బహుమతిగా ఇవ్వమని. మొదటి చెవి జనం కోరితే ఇస్తారు, రెండోది అధ్యక్షుడి ఇష్టం. లాస్ వెంతాస్‌లో ఎండ వైపు ఏడో నంబరు భాగంలో కూర్చునేవాళ్లు కొందరు పచ్చ రుమాళ్లు ఊపుతుంటారు. ఎద్దు బలహీనంగా ఉంది, మార్చమని వాళ్ల గొడవ. అక్కడ కూర్చుంటే మటడోర్‌ను వాళ్లెలా ఈలలతో నిలదీస్తారో తెలుస్తుంది.

రైలు_బ్యాగు (ఏప్రిల్ 9)

మేం జులైలో పాంప్లోనా వెళ్తున్నాం. అక్కడ ఎద్దులు వీధుల్లో పరుగెత్తడమే కదా, చంపడం ఏమీ లేదు కదా? తెనాలి అన్న అది చూడొచ్చేమో.

గోతిక్_వీధి (ఏప్రిల్ 9)

తమ్ముడూ, ఉంది. సాన్ ఫెర్మిన్ పండగలో ఉదయం 8 గంటలకు వీధిలో పరుగెత్తే ఆ ఆరు ఎద్దులే సాయంత్రం అదే ఊరి బరిలో పోరుకు వస్తాయి. దొడ్డి నుంచి బరికి తోలుకెళ్లడమే ఆ పరుగు, సుమారు 850 మీటర్లు. చాలామంది టూరిస్టులు పొద్దున ఫొటోలు తీసుకుని, సాయంత్రం సంగతి తెలియకుండానే వెళ్లిపోతారు. పరుగెత్తే ఆలోచన ఉంటే మానెయ్. 1910 నుంచి పదహారు మంది చనిపోయారు, చివరిది 2009లో. తొక్కుకుని, కొమ్ము తగిలి ఆసుపత్రికి వెళ్లేవాళ్లు ఏటా ఉంటారు. బాల్కనీ అద్దెకు తీసుకుని చూడొచ్చు.

నేను ఉండేది బార్సిలోనాలో. మా కాటలోనియా ప్రాంతపు పార్లమెంటు 2010లో బుల్‌ఫైట్‌ల మీద నిషేధం పెట్టింది. 2011 సెప్టెంబరులో మోనుమెంటల్ బరిలో చివరి పోరు జరిగింది. 2016లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది, అయినా మళ్లీ ఎవరూ నిర్వహించలేదు. ఇంకో పాత బరి, లాస్ అరేనాస్, ఇప్పుడు షాపింగ్ మాల్. గుండ్రటి గోడ అలాగే ఉంచి లోపల దుకాణాలు కట్టారు, పైకప్పు మీదికి ఎక్కితే ఊరంతా కనపడుతుంది. అయితే కాటలోనియా మొత్తం ఎద్దుల ఆటలు మానేసిందని అనుకోవద్దు, ఎబ్రో నది దిగువ ఊళ్లలో వీధుల్లోకి ఎద్దుల్ని వదిలే పండగలు చట్టబద్ధంగానే సాగుతున్నాయి.

స్పెయిన్ అంతా చూస్తే బుల్‌ఫైట్ తగ్గుతోంది. ప్రభుత్వ లెక్కల్లో 2007లో బరుల్లో జరిగినవి అన్ని రకాలూ కలిపి 3,651 ప్రదర్శనలు, 2022లో 1,546. మరోవైపు 2013లో చట్టం చేసి దీన్ని దేశ సాంస్కృతిక వారసత్వం అన్నారు, 2024లో సాంస్కృతిక శాఖ ఇదే రంగానికి ఇచ్చే జాతీయ పురస్కారాన్ని రద్దు చేసింది. ఇక్కడి ఆఫీసుల్లో ఈ విషయం మాట్లాడితే భోజనం బల్ల దగ్గరే గొడవలవుతాయి. అందుకే టూరిస్టు వెళ్తే అది స్పెయిన్‌ను గౌరవించడం, వెళ్లకపోతే అవమానించడం, అలాంటిదేమీ లేదు. వాళ్లలోనే సగం మందికి పడదు.

తెనాలి_మ్యూనిక్ (ఏప్రిల్ 10)

అందరికీ చాలా థ్యాంక్స్. డాక్టరు గారి చివరి మాట చదివి నిన్న రాత్రి నాన్నగారికి ఫోన్ చేశాను. లవాపియేస్ గారు రాసింది రాసినట్టు చదివి వినిపించాను. బల్లెం దగ్గర ఆపమన్నారు. "కట్టేసి ఉన్నదాన్ని కొట్టినా పాపమే, వదిలేసి ఇంతమంది కలిసి పొడుస్తారా" అన్నారు. కాసేపయ్యాక, "అయినా ఆ జాతి ఎద్దును చూడాలని ఉందిరా" అన్నారు. బరికి వెళ్లకుండా ఆ ఎద్దుల్ని చూసే మార్గం ఉందా?

లవాపియేస్_తెలుగు (ఏప్రిల్ 10)

ఉంది, పైగా బరిలో కనపడేదానికంటే బాగా కనపడుతుంది. ఈ ఎద్దుల్ని పెంచే పొలాల్లో చాలావాటికి సందర్శకుల్ని రానిస్తారు. మాడ్రిడ్‌కు ఉత్తరాన కోల్మెనార్ వియెహో వైపు ఉన్నాయి, సలమాంకా వైపు చాలా ఉన్నాయి, సెవిల్ చుట్టుపక్కలా ఉన్నాయి. మీరు సెవిల్ వెళ్తున్నారు కాబట్టి అక్కడే పెట్టుకోండి. ముందే మెయిల్ చేసి రోజు ఖరారు చేసుకోవాలి, ఊరి బయట కాబట్టి కారు ఉండాలి. ట్రాక్టరుకు తగిలించిన ట్రాలీలో కూర్చోబెట్టి ఎద్దుల మధ్యకు తీసుకెళ్తారు. దిగనివ్వరు. పాపకు కూడా ఏ ఇబ్బందీ లేదు.

ఓక్ చెట్ల మధ్య పచ్చిక బయళ్లు. ఒకే ఈడు ఎద్దుల్ని కలిపి ఉంచుతారు, పెద్దరికం కోసం అవి వాటిలో అవే కుమ్ముకుంటాయి. కొమ్ములు విరగకుండా కొన్ని చోట్ల తొడుగులు వేస్తారు. నాన్నగారు తప్పక అడిగే విషయం ఒకటి ముందే చెప్తాను. ఆడదూడలకు రెండేళ్లు వచ్చాక పొలంలోనే చిన్న బరిలో పరీక్ష పెడతారు. ఎన్నిసార్లు వెనక్కి తగ్గకుండా వస్తుందో చూసి, నిలిచినవాటినే తల్లులుగా ఉంచుకుంటారు. ధైర్యం తల్లి నుంచి వస్తుందని వాళ్ల నమ్మకం. మగవాటికి మాత్రం బరిలోకి వచ్చేదాకా గుడ్డ చూపించరు, నేల మీద నిలబడ్డ మనిషిని ఎదుర్కోనివ్వరు. అది చాలా త్వరగా నేర్చుకుంటుంది. రెండోసారైతే గుడ్డను వదిలి మనిషి మీదికే వస్తుంది.

మాడ్రిడ్‌లో లాస్ వెంతాస్ బరిని ఖాళీగా ఉన్నప్పుడు ఆడియో గైడ్‌తో చూడొచ్చు. మెట్రో వెంతాస్ స్టేషన్‌లో దిగితే ఎదురుగానే. ఎర్ర ఇటుక కట్టడం, పాత అరబ్బు శైలి తోరణాలు, ఇరవై మూడు వేల మందికి పైగా పడతారు. పోరు ఉన్న రోజుల్లో టూర్ ముందే ముగించేస్తారు, కాబట్టి ఉదయమే వెళ్లండి.

పశువైద్య_నేస్తం (ఏప్రిల్ 10)

పొలంలో దూడల పరీక్షలోనూ చిన్న బల్లెం వాడతారు. ఆ రోజు పరీక్ష ఉందేమో ముందే అడగండి. లేని రోజు చూసుకుని వెళ్లండి.

కెమెరా_కన్ను (ఏప్రిల్ 11)

పొలానికి వెళ్లడం మంచి నిర్ణయం, నేను కూడా ఒప్పుకుంటాను. కానీ ఒక నిజం చెప్పాలి. మీరు చూసే ఆ ఎద్దులన్నీ బరి కోసమే పెరుగుతున్నాయి. ఆ పచ్చిక, ఆ చెట్లు నిలిచేది ఆ టికెట్ డబ్బుతోనే. బరి వద్దు, పొలం కావాలి అంటే రెండూ కుదరవు.

పశువైద్య_నేస్తం (ఏప్రిల్ 11)

ఆ ఇబ్బంది ఉంది, కాదనను. కానీ ఒంగోలు జాతి ఊళ్లో దుక్కి పోయాక కూడా బతికే ఉంది. పోటీల కోసం, పాల కోసం, ఇష్టం కోసం పెంచేవాళ్లు ఉన్నారు, బ్రెజిల్‌లో అయితే దాని సంతతే కోట్లలో ఉంది. చంపే ఆట ఒక్కటే ఒక జాతిని నిలబెట్టగలదంటే, దానికి వేరే దారి వెతకలేదనే అనుకుంటాను. మీలాంటివాళ్లు పోరు టికెట్‌కు పెట్టే డబ్బు పొలం సందర్శనకు పెడితే వెతికే అవసరం వాళ్లకూ వస్తుంది.

ఒలింపిక్_మెట్లు (ఏప్రిల్ 12)

మధ్యలో దూరుతున్నాను. నేను ఒక్కడినే వెళ్తున్నాను, చూడాలనే ఉంది. టికెట్ల సంగతి ఎవరైనా రాస్తారా?

లవాపియేస్_తెలుగు (ఏప్రిల్ 12)

బరి అధికారిక వెబ్‌సైట్‌లోనో, అక్కడి కౌంటర్‌లోనో కొనండి. బయట చేతిలో టికెట్లు పట్టుకుని తిరిగేవాళ్ల దగ్గర వద్దు. నీడ వైపు ఖరీదెక్కువ, ఎండ వైపు చవక, మొదట ఎండగా ఉండి తర్వాత నీడ వచ్చేవి మధ్య ధర. పై అంతస్తులో ఎండలోనివి పది యూరోల లోపే దొరుకుతాయి, నీడలో ముందు వరసలు వంద దాటుతాయి. మొదటిసారి చూసేవాళ్లకు పై అంతస్తే మంచిది. రక్తం అంత దగ్గరగా కనపడదు, కూర్చోలేకపోతే బయటికి రావడమూ తేలిక. కింద రాతి మెట్లు ఇరుకు, వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు, దిండు అద్దెకు తీసుకోండి.

కొనేముందు ఆ రోజు ప్రకటన చదవండి. కొన్ని రోజులు మూడేళ్ల ఎద్దులతో కొత్త కుర్రాళ్లు, కొన్ని రోజులు గుర్రం మీద నుంచే పోరు. అన్నిట్లోనూ చంపుతారు. రక్తం లేనిదే చూడాలంటే రెకోర్తదోర్ల పోటీలు వెతుక్కోండి. చేతిలో ఆయుధం లేకుండా ఎద్దు మీదుగా దూకుతారు, పక్కకు తప్పుకుంటారు. ఒళ్లు జలదరిస్తుంది, ఎద్దుకు గాయం ఉండదు. నన్నడిగితే అదే చూడమంటాను.

తెనాలి_మ్యూనిక్ (జూన్ 5)

వచ్చేశాం. సెవిల్ దగ్గర పొలానికి వెళ్లాం. పరీక్ష లేని రోజే దొరికింది. నాన్నగారు ట్రాలీలో ముందు కూర్చుని, మా ఆవిడ ఇంగ్లిషులో అడుగుతుంటే పొలం మనిషితో గంటన్నర మాట్లాడారు. మేత ఏమిటి, దూడను తల్లి నుంచి ఎప్పుడు వేరు చేస్తారు, గిట్టలకు ఏం చేస్తారు, అన్నీ. మన ఎద్దుకున్న మూపురం వీటికి లేదు, కానీ మెడ, ముందు భాగం చూసి చాలా మెచ్చుకున్నారు. "వెనక కాళ్లు చిన్నవి, బండ లాగలేదు" అని కూడా అన్నారు. పాపకు లాస్ వెంతాస్ టూర్ నచ్చింది, ఫ్లెమింగ్ కథ స్కూల్లో చెప్తానంటోంది. బరి మధ్యలో నిలబడ్డప్పుడు ఇక్కడేం జరుగుతుందని అడిగింది, ఉన్నదున్నట్టు చెప్పాం.

ఒకటి అడగడం మర్చిపోయాం. ప్రతి ఎద్దుకూ తొడ మీద ఒక గుర్తు, పక్కటెముకల మీద ఒక నంబరు, భుజం మీద విడిగా ఒకే ఒక్క అంకె కాల్చి ఉన్నాయి. భుజం మీది అంకె ఏమిటని నాన్నగారు ఇంటికెళ్లాక కూడా అడుగుతున్నారు.

లవాపియేస్_తెలుగు (జూన్ 5)

తొడ మీదిది పెంపకందారు గుర్తు, పక్కటెముకల మీదిది ఆ ఎద్దు సొంత నంబరు. భుజం మీదిది పుట్టిన ఏడాది. పెంపకందారుల లెక్కలో ఏడాది జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది, ముగిసే సంవత్సరం చివరి అంకెను వేస్తారు. భుజం మీద 2 ఉంటే 2021 జులై, 2022 జూన్ మధ్య పుట్టిందని. ఫొటోలు ఉంటే చూసి నాన్నగారికి ఒక్కోదాని వయసు లెక్కగట్టి చెప్పండి.